ఏ అరలోనూ ఇమడని కథలకు లైబ్రరీలో ఒక రోజు

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ప్రావిడెన్స్ అని ఒక ఊరుంది. అక్కడ బెనిఫిట్ స్ట్రీట్‌లో ఉన్న ప్రావిడెన్స్ అథీనియం చందాదారులతో నడిచే పాత లైబ్రరీ. 1753లో ఊళ్లోవాళ్లు తలా కొంత వేసుకుని పెట్టుకున్న పుస్తక సంఘం దానికి మూలం, ఇప్పుడున్న రాతి కట్టడం 1838 నాటిది. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలెన్ పో ఈ ఊరి కవయిత్రి సారా హెలెన్ విట్‌మన్‌ని పెళ్లి చేసుకోవాలని తిరిగిన 1848లో ఇద్దరూ ఈ లైబ్రరీకి వచ్చేవాళ్లు. ఒక పత్రికలో కవి పేరు లేకుండా పడిన 'యులలూమ్' అనే కవిత ఆమెకి బాగా నచ్చింది, ఎవరు రాశారో తెలుసా అని ఒకరోజు ఆయన్ని అడిగింది. నేనే రాశానని చెప్పి, లైబ్రరీలో ఉన్న ఆ పత్రిక బైండు తీసి కవిత దగ్గర సంతకం పెట్టాడు పో. లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనకి ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది గానీ, ఆ సంతకాన్ని అక్కడివాళ్లు ఆస్తిలా చూసుకుంటారు.

అదే ఊళ్లో 1890లో పుట్టి, న్యూయార్క్‌లో ఉన్న రెండేళ్లు తప్పిస్తే దాదాపు జీవితమంతా అక్కడే గడిపి, 1937లో 46 ఏళ్లకే చనిపోయిన మరో రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్. బతికుండగా పేరు లేదు, డబ్బు లేదు. 2013లో ఆయన కంచు విగ్రహాన్ని ఇదే లైబ్రరీలో పెట్టారు. ఆ ఏడాది నుంచే ఊళ్లో 'నెక్రోనమికాన్' పేరుతో రెండేళ్లకోసారి సభలు జరుగుతున్నాయి. ప్రసంగాలు, కథలు చదివి వినిపించడాలు, పాత వీధుల్లో నడకలు, అన్నీ ఒకే రకం సాహిత్యం చుట్టూ. ఆ సాహిత్యాన్ని వియర్డ్ ఫిక్షన్ అంటారు. అంత పెద్ద ఎత్తున కాకపోయినా, ఊరి లైబ్రరీలు ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇలాంటి కార్యక్రమం పెట్టుకోవచ్చు.

ఈ మాట ఎత్తితే మనవాళ్లలో చాలామంది "దయ్యాల కథలేగా, దానికి లైబ్రరీ ఎందుకు, ప్రసంగాలెందుకు" అంటారు. ఆ ప్రశ్న సరైనదే. దానికి జవాబు చెప్పాలంటే రెండు ముడులు విప్పాలి. ఈ కథలు దయ్యాల కథలకి ఎక్కడ వేరవుతాయన్నది ఒకటి, వీటికి లైబ్రరీకే ఎందుకంత చుట్టరికం అన్నది రెండోది.

తేడా ఎక్కడుంది

మన ఊళ్లలో బావి కథ ఒకటి అందరూ వినే ఉంటారు. అత్తింటి ఆరళ్లు పడలేక కోడలు బావిలో దూకింది, అమావాస్య రాత్రుళ్లు గాజుల చప్పుడు వినిపిస్తుంది, చివరికి ఎవరో వచ్చి శాంతి చేయిస్తే ఆ చప్పుడు ఆగిపోతుంది. ఇందులో భయం ఉంది, దాంతోపాటు ఒక లెక్క కూడా ఉంది. ఆమెకి అన్యాయం జరిగింది కాబట్టి వచ్చింది, ఆ బాకీ తీరాక వెళ్లిపోయింది. తెల్లారి లేచి పొలానికి వెళ్లేవాడికి ప్రపంచం నిన్నటిలాగే ఉంటుంది. చేతబడి నవలలూ అంతే. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, విరుగుడు ఏమిటి అన్న మూడు ప్రశ్నలకీ పుస్తకం అయిపోయేలోపు జవాబులు దొరుకుతాయి, మంత్రానికీ ఒక పద్ధతి ఉంటుంది, ఆ పద్ధతి తెలిసినవాడు గెలుస్తాడు.

ఇప్పుడు అదే ఊళ్లో చెరువు గురించి ఇంకో కథ ఊహించండి. సర్వే జరిగిన ప్రతిసారీ చెరువు విస్తీర్ణం కొన్ని సెంట్లు పెరుగుతూ ఉంటుంది. కట్ట జరగలేదు. చుట్టుపక్కల రైతుల్లో ఒక్కరి పొలమూ తగ్గలేదు. ఊరి మొత్తం విస్తీర్ణమూ పాతదే. అన్నీ కలిపి కూడితే మాత్రం లెక్క తేలదు. సర్వేయరు గొలుసులో తప్పుందనుకుని కొత్తది తెప్పిస్తాడు, పాత పటాలు తిరగేస్తాడు, తన ముందు పనిచేసిన ఇద్దరు ఇదే తేడాని చూసి ఎర్రసిరాతో దిద్ది ఊరుకున్నారని గమనిస్తాడు. చివరికి ఒక మధ్యాహ్నం తెప్ప వేసుకుని చెరువులోకి వెళ్తాడు. సాయంత్రమవుతుంది, అవతలి ఒడ్డు రాదు. ఈ కథలో ఎవరూ చావలేదు, ఎవరూ శపించలేదు, శాంతి చేయించడానికి అక్కడ ఎవరూ లేరు. మనం నమ్ముకున్న కొలతే చెల్లకుండా పోయింది. వియర్డ్ కథ పట్టుకునేది ఈ చోటినే.

లవ్‌క్రాఫ్ట్ 1927లో అచ్చయిన ఒక పెద్ద వ్యాసంలో దాదాపు ఇదే సంగతి చెప్పాడు. రహస్య హత్యలు, నెత్తుటి ఎముకలు, గొలుసులు ఈడ్చుకుంటూ తిరిగే తెల్లగుడ్డ ఆకారాలు, ఇవి సరిపోవు, మనకి తెలియని బయటి శక్తులేవో ఉన్నాయన్న ఊపిరాడని వాతావరణం ఉండాలి, ప్రకృతి నియమాలు కాసేపైనా ఓడిపోయాయన్న అనుమానం తగలాలి అన్నది అందులో సారం. తర్వాతి కాలంలో బ్రిటిష్ విమర్శకుడు మార్క్ ఫిషర్ దీన్ని ఇంకా క్లుప్తంగా చెప్పాడు: ఇక్కడ ఉండకూడనిది ఇక్కడ ఉండటమే వియర్డ్. నాకు ఈ రెండోదే ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే ఇందులో భయం అన్న మాటే లేదు. వియర్డ్ కథ చదివి భయపడకపోవచ్చు, మనసు చెదిరితే చాలు.

ఈ రకానికి ఒక వంశవృక్షం గీయాలంటే పందొమ్మిదో శతాబ్దం చివర బ్రిటన్ దగ్గర మొదలుపెట్టాలి. వేల్స్‌కి చెందిన ఆర్థర్ మాకెన్, ఆయన తర్వాత ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్, మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో చనిపోయిన విలియం హోప్ హాడ్జ్‌సన్. బ్లాక్‌వుడ్ 1907లో రాసిన 'ది విల్లోస్' కథలో ఇద్దరు స్నేహితులు డాన్యూబ్ నది వరద మీద పడవలో వెళ్తూ విల్లో పొదలు నిండిన ఒక లంకలో రాత్రికి గుడారం వేస్తారు. పొద్దున లేచేసరికి ఒక తెడ్డు కనిపించదు, పడవ అడుగున చీలిక, ఇసుకలో అక్కడక్కడా గరాటు ఆకారంలో గుంటలు. కళ్లకి స్పష్టంగా కనబడే సాక్ష్యాలు ఇవే, మిగతాదంతా గాలి, నీటి హోరు, పొదలు రాత్రికి రాత్రి దగ్గరికొచ్చాయన్న అనుమానం. గోదావరి వరదల్లో లంక గ్రామాల పక్కన ఒక్క రాత్రి గడిపినవాళ్లకి ఈ కథ గురించి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. లవ్‌క్రాఫ్ట్ దీన్ని ఈ రకం కథలన్నిటిలోకీ గొప్పదనేవాడు.

ఆ తర్వాత 1923 మార్చిలో షికాగోలో 'వియర్డ్ టేల్స్' పత్రిక మొదలైంది. చవక కాగితం, బజారు బొమ్మలు, పైసల్లో పారితోషికం. లవ్‌క్రాఫ్ట్ 'ది కాల్ ఆఫ్ కథుల్హు' అనే కథని సంపాదకుడు మొదట తిప్పి పంపేశాడు, తర్వాత మనసు మార్చుకుని 1928 ఫిబ్రవరి సంచికలో వేశాడు. లవ్‌క్రాఫ్ట్ పోయాక ఆయన కథల్ని పుస్తకంగా వేసే ప్రచురణకర్త దొరక్కపోతే ఇద్దరు స్నేహితులు 1939లో సొంతంగా ఆర్కమ్ హౌస్ అనే సంస్థ పెట్టి అచ్చువేశారు. ఇక ఆయన కాగితాలు, ఉత్తరాలు ప్రావిడెన్స్‌లోనే బ్రౌన్ విశ్వవిద్యాలయం వారి జాన్ హే లైబ్రరీకి చేరాయి. పాతపేపర్ల కొట్టుకి పోవాల్సిన సాహిత్యం బతికి బట్టకట్టింది పాఠకుల అభిమానం వల్ల, భద్రపరిచిన లైబ్రరీల వల్ల.

నిజాం కొలువులో పత్తి పన్ను వసూలుదారు

ఇదంతా తెల్లవాళ్ల వ్యవహారం అనుకునేలోపు ఒక కథ దగ్గర కాసేపు ఆగుదాం. ఆన్, జెఫ్ వాండర్‌మీర్ దంపతులు 2011లో 'ది వియర్డ్' పేరుతో వందకి పైగా కథలతో ఒక మహా సంకలనం తెచ్చారు. అందులో లవ్‌క్రాఫ్ట్, బ్లాక్‌వుడ్, కాఫ్కా, జపాన్ రచయిత అకుతాగవాలతో పాటు రవీంద్రనాథ్ ఠాగూరు ఉన్నాడు. ఆ కథ 'క్షుధిత పాషాణ్', ఆకలిగొన్న రాళ్లు. బెంగాలీలో ఇది 1895 నాటి కథ, అంటే 'వియర్డ్ టేల్స్' పుట్టడానికి 28 ఏళ్ల ముందే వచ్చింది.

కథ జరిగే తీరు చూడండి. దసరా సెలవుల ప్రయాణం ముగించుకుని కలకత్తాకి తిరిగెళ్తున్న ఇద్దరు బంధువులకి రైల్లో ఒక వింత మనిషి తగులుతాడు. ప్రపంచంలో అతనికి తెలియని విషయమంటూ ఉండదు. జంక్షన్‌లో బండి ఆలస్యమవుతుంది, వెయిటింగ్ రూములో కూర్చుని అతను తన సంగతి చెప్పడం మొదలుపెడతాడు. జునాగఢ్‌లో ఉద్యోగం వదిలేసి హైదరాబాద్ నిజాం కొలువులో చేరాడట, బరీచ్ అనే చోట పత్తి మీద పన్ను వసూలు చేసే పని ఇచ్చారట. శుస్తా నది ఒడ్డున, కొండల కింద, ఎప్పుడో ఒక షా విలాసం కోసం కట్టించిన పాలరాతి మహల్ ఉంటుంది. ఆఫీసులో పనిచేసే ముసలి గుమాస్తా కరీం ఖాన్ "పగలు ఉండండి, రాత్రి మాత్రం అక్కడ పడుకోవద్దు" అంటాడు. ఇతను నవ్వేసి అక్కడే మకాం పెడతాడు.

ఆ తర్వాత జరిగేవాటిలో ఒక్క దయ్యమూ ఎదురుపడి పలకరించదు. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే వెనక నుంచి చాలామంది పరుగెత్తుకుంటూ నదిలోకి దిగుతున్న చప్పుడు, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, నీళ్లు కూడా కదలవు. రోజులు గడిచేకొద్దీ పగలు చేసే పన్ను లెక్కలు అతనికి అబద్ధంలా, రాత్రి కనబడే పారశీక లోకం నిజంలా తోస్తుంది. సాయంత్రమయ్యేసరికి ఇంగ్లీషు కోటు విప్పేసి, వదులు పైజామా, పూలపూల పట్టు అంగరఖా, మఖ్మల్ టోపీ పెట్టుకుని, అత్తరు రాసుకుని, ఎవరి కోసమో ముస్తాబై కూర్చుంటాడు. తెల్లారగానే మెహర్ అలీ అనే పిచ్చివాడు మహల్ చుట్టూ తిరుగుతూ "దూరంగా పోండి, అంతా అబద్ధం" అని అరుస్తుంటాడు.

చివరికి అతను భరించలేక కరీం ఖాన్‌ని నిలదీస్తాడు. ఆ రాళ్లు తీరని కోరికలతో ఆకలిగా ఉన్నాయనీ, అక్కడ మూడు రాత్రులు గడిపినవాళ్లెవరూ బయటపడలేదనీ, ఒక్క మెహర్ అలీ మాత్రం మతి పోగొట్టుకుని బయటపడ్డాడనీ చెప్తాడు ముసలాయన. నాకు దారి లేదా అని అడిగితే, ఒకటుంది, చాలా కష్టం, దానికి ముందు ఆ మహల్లో ఒకప్పుడు ఉన్న పారశీక బానిస పిల్ల కథ వినాలి అంటాడు. అంతే. అక్కడికి బండి వచ్చేస్తుంది. మొదటి తరగతి పెట్టెలోంచి ఒక ఇంగ్లీషు దొర "హలో" అని పిలిచి ఆ మనిషిని తన పెట్టెలోకి ఎక్కించుకుంటాడు. మిగిలిన కథ మనకి ఎప్పటికీ తెలియదు. ఇదంతా మనల్ని వెర్రివాళ్లని చేయడానికి అల్లిన కట్టుకథ అని ఒక బంధువు, కాదని దివ్యజ్ఞాన సమాజం మనిషైన రెండో బంధువు వాదించుకుని, ఆ వాదనతో ఇద్దరి మధ్యా మాటలు శాశ్వతంగా తెగిపోతాయి.

నా దృష్టిలో వియర్డ్ కథ అంటే ఏమిటో చెప్పడానికి దీనికి మించిన పాఠం లేదు. జవాబు ఉంది, తెలిసినవాడు చెప్పబోయాడు, మనదాకా రాలేదు. ఠాగూరు ఆ చివర రాయలేక వదిలేయలేదు, రైలు సరిగ్గా ఆ క్షణంలో రావాలనే తీసుకొచ్చాడు. పైగా నిజాం సర్కారు జీతగాడు, పన్ను లెక్కలు, వెయిటింగ్ రూము, ఆలస్యంగా వచ్చే బండి, ఇవన్నీ మనకి తెలిసిన సరుకే. తెలంగాణ పాఠకుడికి ఇది పరాయి కథ ఎలా అవుతుంది?

లైబ్రరీయే ఎందుకు

ఇక రెండో ముడి. ఈ కథల్ని ఏ హాల్లోనైనా చదువుకోవచ్చు. కానీ ఈ సాహిత్యం మొదటి నుంచీ లైబ్రరీల చుట్టూనే తిరిగింది. అది ఊరికే జరగలేదు.

ఎం.ఆర్. జేమ్స్ కేంబ్రిడ్జ్‌లో చేతిరాత ప్రతులకి కేటలాగులు తయారుచేసిన పండితుడు. ఆయన కథల్లో ఆపద చాలాసార్లు ఒక పాత ప్రతి తెరవడంతో మొదలవుతుంది, ఒక కథ మొత్తం లైబ్రరీలో ఒకే పుస్తకం కోసం జరిగే వెతుకులాట చుట్టూ నడుస్తుంది. అర్జెంటీనా రచయిత బోర్హెస్ బ్వేనస్ ఐరిస్‌లో ఒక మునిసిపల్ లైబ్రరీలో దాదాపు తొమ్మిదేళ్లు చిన్న ఉద్యోగం చేశాడు, ఆ రోజుల్లోనే 1941లో 'బాబెల్ లైబ్రరీ' కథ రాశాడు. ఆ లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ 410 పేజీలు, పేజీకి 40 వరుసలు, వరుసకి 80 అక్షరాలు, మొత్తం వాడే గుర్తులు 25. ఆ గుర్తులతో కుదిరే కలయికలన్నీ అక్కడ ఉన్నాయి కాబట్టి రాయదగిన ప్రతి పుస్తకమూ అక్కడ ఉంది, అన్నిటికీ సరైన కేటలాగు కూడా ఉంది, దాంతోపాటు లెక్కలేనన్ని తప్పుడు కేటలాగులూ ఉన్నాయి. అన్నీ ఉన్నచోట ఏదీ దొరకదు. 1955లో బోర్హెస్‌ని అర్జెంటీనా జాతీయ గ్రంథాలయానికి డైరెక్టరుగా వేశారు, అప్పటికి ఆయనకి చదివే చూపు లేదు.

లవ్‌క్రాఫ్ట్ 1929లో అచ్చయిన 'ది డన్‌విచ్ హారర్' కథలో ఇంకా దగ్గరగా చూపిస్తాడు. కొండ పల్లె నుంచి విల్బర్ వాట్లీ అనే ఒక భారీ మనిషి చవకరకం చేతిసంచితో విశ్వవిద్యాలయ లైబ్రరీకి వస్తాడు. 'నెక్రోనమికాన్' అనే పుస్తకం లాటిన్ ప్రతి కావాలంటాడు, ఎందుకంటే తన తాత ఇచ్చిన ఇంగ్లీషు ప్రతిలో 751వ పేజీలో ఉండాల్సిన భాగం లేదు. లైబ్రేరియన్ హెన్రీ ఆర్మిటేజ్ అతని భుజం మీదుగా ఆ పేజీ చదువుతాడు, చదివి, పుస్తకం ఇంటికివ్వనంటాడు. అక్కడితో ఆగకుండా ఆ పుస్తకం ఉన్న మిగతా లైబ్రరీలకీ జాగ్రత్త చెప్తాడు. ప్రపంచాన్ని మింగబోయే ఆపద అంతా ఒక లైబ్రేరియన్ "ఇవ్వను" అనడం దగ్గర ఆగుతుంది, చివరికి దానికి ఎదురు నిలబడేదీ ఆయనే. పుస్తకాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో ఆలోచించే మనిషికి సాహిత్యంలో ఇంత గౌరవం ఇచ్చిన కథలు నేను ఎక్కువ చూడలేదు.

ఆ 'నెక్రోనమికాన్' లవ్‌క్రాఫ్ట్ కల్పన. కానీ దానికి ఆయన ఒక చరిత్ర రాసిపెట్టాడు, బ్రిటిష్ మ్యూజియంలో ఒకటి, హార్వర్డ్‌లో ఒకటి, బ్వేనస్ ఐరిస్ విశ్వవిద్యాలయంలో ఒకటి అంటూ ప్రతులు ఎక్కడున్నాయో కూడా చెప్పాడు. నిజమని నమ్మి అడిగినవాళ్లకి అది తన కల్పనేనని ఓపిగ్గా ఉత్తరాలు రాశాడు. తర్వాత్తర్వాత కొంటె పాఠకులు లైబ్రరీల కార్డు డ్రాయర్లలో దాని పేర దొంగ కార్డులు పెట్టడం మొదలుపెట్టారు. కార్డు ఉంది, పుస్తకం లేదు.

ఇక్కడ అసలు సంగతికి వస్తున్నాను. లైబ్రరీ అంటే ప్రతిదానికీ ఒక చోటు ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన ఇల్లు. వియర్డ్ కథ అంటే చోటు దొరకని వస్తువు. లైబ్రరీల్లో పుస్తకాల్ని అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతిలో చూస్తే లవ్‌క్రాఫ్ట్ అమెరికన్ నవలాకథల 813లో, జేమ్స్, బ్లాక్‌వుడ్ ఇంగ్లీషు 823లో, బోర్హెస్ స్పానిష్ 863లో, ఠాగూరు బెంగాలీ 891.44లో, మన తెలుగు 894.827లో ఉంటాయి. భాషని బట్టి అర పెట్టడం తప్పేం కాదు, వేరే దారి కూడా లేదు. కాకపోతే ఠాగూరు మహల్‌కీ బ్లాక్‌వుడ్ లంకకీ ఉన్న చుట్టరికం ఆ అరల మధ్య నడిచే పాఠకుడికి ఎప్పటికీ కనబడదు. వాటి మీద వియర్డ్ అని రంగు స్టిక్కర్ అంటించొచ్చు, కానీ స్టిక్కర్ మాట్లాడదు. ఒక రోజు కార్యక్రమం ఆ పని చేస్తుంది. 813ని, 863ని, 891.44ని ఒకే బల్ల మీదకి తెచ్చి, ఇవి ఎందుకు పక్కపక్కన ఉండాలో మనుషుల చేత చెప్పిస్తుంది. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడని మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన సూత్రాల్లో ఉంది కదా, ఆ పాఠకుడు తనంతట తాను నడిచి రాకపోతే లైబ్రరీయే పిలవాలి.

గొంతుతో చదవడం

ప్రసంగాలు సరే, కథ చదివి వినిపించడం ఎందుకు, అందరికీ చదువొచ్చు కదా అనే అనుమానం కూడా ఉంటుంది. జేమ్స్ తన కథల్ని మొదట అచ్చు కోసం రాయలేదు. క్రిస్మస్ రాత్రుళ్లు కింగ్స్ కాలేజీలో స్నేహితులు చేరేవాళ్లు. ఆయన రాతప్రతి పట్టుకుని వచ్చి, ఒక్కటి తప్ప కొవ్వొత్తులన్నీ ఆర్పేసి, ఆ ఒక్కదాని పక్కన కూర్చుని చదివేవాడు. అందుకే ఆయన వాక్యాల్లో ఉద్రేకం ఉండదు, ఆఫీసు నివేదిక చదువుతున్నట్టు సాఫీగా పోతూ ఒకచోట ఒక చిన్న వివరం జారవిడుస్తాడు. కంటితో చదివేవాడు ఆ చోటుని గబగబా దాటేయగలడు, వెనక్కి వెళ్లగలడు, చివరి పేజీ ముందే చూసేయగలడు. వినేవాడికి ఆ వీల్లేదు, చదివే గొంతు ఎంత నెమ్మదిగా పోతే అతనూ అంత నెమ్మదిగా పోవాలి. ఈ రకం కథలకి కావాల్సింది సరిగ్గా ఆ నిస్సహాయతే.

మనకి వినడం కొత్త కాదు, పురాణ కాలక్షేపం ఉంది, హరికథ ఉంది. కానీ పురాణం చెప్పే ఆయన పద్యం చదివి ఆగి అర్థం చెప్తాడు, పిట్టకథ కలుపుతాడు, కథ ముందే తెలుసు కాబట్టి జనం కూడా ఆ వ్యాఖ్యానం కోసమే వస్తారు. వియర్డ్ కథ చదివేవాళ్లు ఆ అలవాటుని పక్కన పెట్టాలి. మధ్యలో ఆపి విడమరచకూడదు, గొంతు మార్చి భయపెట్టకూడదు, వెనక సంగీతం అసలు వద్దు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్తాను: ప్రసంగం ముందు, పఠనం తర్వాత అనే సభల వరసని ఇక్కడ తిరగేయాలి. ఈ కథలో ఫలానాది ఫలానాదానికి ప్రతీక అని ముందే వినేసిన శ్రోతకి కథలో మిగిలేదేమీ ఉండదు. ముందు కథ, తర్వాత టీ, ఆ తర్వాత మాట.

లవ్‌క్రాఫ్ట్ ద్వేషాన్ని ఏం చేయాలి

ఇలాంటి ఏ సభలోనైనా ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. లవ్‌క్రాఫ్ట్ జాత్యహంకారి. నల్లవాళ్ల మీద, యూదుల మీద, వలస వచ్చినవాళ్ల మీద ఆయన ఉత్తరాల్లో రాసిన మాటలు చదవడానికి ఒళ్లు జలదరిస్తుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉన్నప్పుడు 1925లో రాసిన 'ది హారర్ ఎట్ రెడ్ హుక్'లో అక్కడి వలస కుటుంబాల్నే క్షుద్రశక్తుల ముఠాగా చూపించాడు. ఆ రోజుల్లో అందరూ అంతే అనే సమర్థన నిలబడదు, ఆయన కాలంలోనే అలా లేనివాళ్లు చాలామంది ఉన్నారు. తెలియనిదంటే భయం అనే ఆయన సిద్ధాంతంలో, ఆ తెలియనిది చాలాసార్లు పక్క వీధిలో ఉండే మనిషి.

వరల్డ్ ఫాంటసీ అవార్డుకి 1975 నుంచి ఆయన తల ఆకారంలో ప్రతిమ ఇచ్చేవాళ్లు. నైజీరియన్ అమెరికన్ రచయిత్రి నెడి ఒకోరాఫోర్ 2011లో ఆ అవార్డు అందుకుని, ఈ తలని ఇంట్లో ఎలా పెట్టుకోవాలని బహిరంగంగా అడిగింది. వాదోపవాదాల తర్వాత 2015లో ఆ ప్రతిమని మానేశారు. నల్లజాతి రచయిత విక్టర్ లవాల్ ఇంకో దారి తీసుకున్నాడు. 2016లో వచ్చిన 'ది బల్లాడ్ ఆఫ్ బ్లాక్ టామ్'లో అదే రెడ్ హుక్ కథని 1924 నాటి హార్లెమ్ (న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట) కుర్రాడి వైపు నుంచి తిరగరాశాడు. ఆ కుర్రాడి తండ్రిని ఒక డిటెక్టివ్ కాల్చి చంపి, చేతిలో ఉన్న గిటార్ తుపాకీ అనుకున్నానంటాడు. ఆ పేజీ దాటాక లవ్‌క్రాఫ్ట్ కథల్లో సముద్రం అడుగున నిద్రపోయే కథుల్హు అనే రాక్షసుడు అంత భయంకరంగా అనిపించడు. ఆ పుస్తకాన్ని లవ్‌క్రాఫ్ట్‌కే, తనలోని పరస్పర విరుద్ధమైన భావాలన్నిటితో, అంకితమిచ్చాడు లవాల్. లైబ్రరీ ఈ రెండు కథల్నీ ఒకే పూట చదివించగలదు. ఒకదాన్ని దాచేస్తే రెండోది దేనికి జవాబో అర్థం కాదు.

మన ఊళ్లో పెట్టాలంటే

ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, బహుమతులు. వాటిలో ఒక్క రోజుని ఈ కథలకి ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు, మన ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం.

హక్కుల టెన్షన్ కూడా పెద్దగా లేదు. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. అది ఇదివరకు 50 ఏళ్లే, ఠాగూరు రచనల హక్కులు అయిపోతున్నాయనే 1992లో పదేళ్లు పెంచారు. ఆ లెక్కన 1936లో పోయిన జేమ్స్, 1937లో పోయిన లవ్‌క్రాఫ్ట్, 1941లో పోయిన ఠాగూరు, 1947లో పోయిన మాకెన్, 1951లో పోయిన బ్లాక్‌వుడ్, అందరి మూల రచనలూ ఇప్పుడు ఎవరైనా అనువదించుకోవచ్చు, చదవొచ్చు. తెలుగు అనువాదం తీసుకుంటే మాత్రం అనువాదకుల హక్కు వేరే ఉంటుంది, అడిగి తీసుకోవాలి. బోర్హెస్ 1986లో పోయాడు కాబట్టి ఆయనది ఇంకా హక్కుల్లోనే ఉంది, కాకపోతే అచ్చయిన రచనలోంచి కొంత భాగాన్ని బహిరంగంగా చదవడానికి చట్టం వీలిస్తుంది.

కథల ఎంపికలో నిడివి చూసుకోవాలి. 'ది విల్లోస్' అద్భుతమే గానీ మొత్తం చదివితే పూట పడుతుంది, వరద రాత్రి ఘట్టం వరకు చాలు. 'ఆకలిగొన్న రాళ్లు' ఒక్క బిగిలో పూర్తవుతుంది, అందుకే దాన్ని పొద్దున్నే పెట్టాలి, మెహర్ అలీ కేకని మాత్రం చదివేవాళ్లు అరవకుండా మామూలు గొంతుతో అంటేనే పనిచేస్తుంది. మధ్యాహ్నం రెడ్ హుక్ కథలో ఒక భాగం, దాని వెంటనే లవాల్ పుస్తకంలోంచి ఒక భాగం.

ఆ చర్చని అమెరికా దగ్గరే వదిలేయకూడదు. బాణామతి చేస్తున్నారని, చేతబడి పెట్టారని అనుమానించి ఒంటరి ముసలివాళ్లనీ, పేద కులాల ఆడవాళ్లనీ కొట్టి చంపిన వార్తలు మన జిల్లాల నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. లవ్‌క్రాఫ్ట్ రెడ్ హుక్‌లో చేసింది కాగితం మీద, ఇక్కడ ఊరి నడిమధ్యలో జరుగుతోంది. పత్రికల్లో సీరియళ్లుగా మనం ఊపిరి బిగపట్టి చదివిన క్షుద్ర కథల్లో మంత్రగాడు ఎవరై ఉండేవాడు, ఏ వాడలో ఉండేవాడు అని ఒకసారి గుర్తుచేసుకుంటే ఈ రెంటికీ ఉన్న సంబంధం కనబడుతుంది. కాబట్టి సాయంత్రం చర్చకి రచయితలతో పాటు మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి పనిచేసే జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల వాళ్లనీ కూర్చోబెట్టాలి, ప్రశ్నలు అడిగే అవకాశం మొదట హైస్కూలు పిల్లలకి ఇవ్వాలి.